మరణ ధ్రువపత్రంలో 'కాలుష్యం' అన్న మాట ఎందుకు ఉండదు?

కిటికీ_పక్కన
నాన్న పోయి ఏడాది దాటింది. బీడీ, సిగరెట్ జన్మలో ముట్టని మనిషి. ఇంటి ముందు రాత్రీ పగలూ లారీలు తిరిగే రోడ్డు, వెనకవైపు ఒక ఫౌండ్రీ (లోహం కరిగించి అచ్చుల్లో పోసే ఫ్యాక్టరీ) పొగగొట్టం. చివరి రోజుల్లో మెట్లు ఎక్కుతూ మధ్యలో ఆగి, రెయిలింగ్ పట్టుకుని, నోరు తెరిచి గాలి పీల్చుకునేవాడు. పోయాక ఇచ్చిన కాగితంలో కారణం దగ్గర 'గుండె, శ్వాస ఆగిపోవడం' అని రాశారు. ఎవరు పోయినా ఆగేవి అవేగా? పొగ సంగతి ఎత్తితే "వయసు వచ్చిందమ్మా" అన్నారు.

కాలుష్యం వల్ల ఏటా లక్షల మంది పోతున్నారని వార్తల్లో చదువుతూనే ఉంటాం. మరి ఏ ఒక్కరి కాగితంలోనూ ఆ మాట కనిపించదేం? కాగితంలోనే లేనప్పుడు ఆ లక్షల లెక్క ఎక్కడిది? తెలిసినవాళ్లు చెప్పండి.

పాతకాపు
రాయరు. రాస్తే ఎవరో ఒకరు జవాబు చెప్పుకోవాలి కదా.

నిజం_నిప్పు
నాన్నగారి విషయం చదివి బాధ కలిగింది. కానీ ఒక మాట. ఈమధ్య ప్రతి జబ్బునీ కాలుష్యం ఖాతాలో వేయడం అలవాటైపోయింది. షుగర్, బీపీ, కదలకుండా కూర్చోవడం, వంశంలో వచ్చేవి, ఇవన్నీ ఏమయ్యాయి? మన తాతల కంటే మనం ఎక్కువ కాలమే బతుకుతున్నాం. గాలి అంత విషమైతే ఆయుష్షు పెరగడం ఎలా సాధ్యం?

నర్సు_డ్యూటీ
పాతకాపు గారూ, అన్నిచోట్లా దాచిపెట్టడమే అనుకోకండి. కాగితం తయారైన పద్ధతే అలాంటిది. డాక్టరు రాసేది జబ్బు పేరు. పేషెంటు ఊపిరితిత్తి కనిపిస్తుంది, ఈసీజీ కనిపిస్తుంది, మెదడు స్కాన్ కనిపిస్తుంది. ఆ మనిషి ఇరవై ఏళ్లు పీల్చిన గాలి ఏ రిపోర్టులోనూ కనిపించదు.

పైగా పొగ వల్ల వచ్చే జబ్బుకి ప్రత్యేకమైన రూపం ఉండదు. 2.5 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్న కణాలు ఊపిరితిత్తుల్లోని గాలి గదుల దాకా దిగుతాయి. వాటిలో మరీ సన్నవి రక్తంలోకి కూడా వెళ్తాయి. అక్కడి నుంచి ఒకరికి గుండెపోటు, ఇంకొకరికి పక్షవాతం, మరొకరికి క్యాన్సర్. బయటి గాలి కాలుష్యాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ 2013లోనే క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. అయినా వార్డులో మా ముందుకు వచ్చే గుండెపోటు మామూలు గుండెపోటులాగే ఉంటుంది. 'నేను పొగ వల్ల వచ్చాను' అని దాని మీద రాసి ఉండదు.

ఇంకో విషయం. జబ్బుల అంతర్జాతీయ వర్గీకరణ పదో కూర్పులో గాలి కాలుష్యానికి గురికావడం అనే కోడ్ ఒకటి ఉంది, జడ్ 58.1. నా సర్వీసులో ఎవరూ దాన్ని వాడగా నేను చూడలేదు.

పాతకాపు
కోడ్ ఉండీ వాడట్లేదంటే నేనన్నదే కదమ్మా?

నర్సు_డ్యూటీ
సగం మీదే కరెక్టు. మిగతా సగం టైమ్ లేకపోవడం. ఓపీలో ఒక్కో పేషెంటుకి దొరికే నిమిషాల్లో "మీ ఇల్లు ఎక్కడ, ఏ పని చేస్తారు, వంట దేని మీద" అని అడిగే తీరిక ఎవరికీ లేదు. అడగని విషయం కేస్ షీట్‌లోకి ఎక్కదు.

గణాంకాల_గోపి
కిటికీ_పక్కన గారి రెండో ప్రశ్నకి జవాబు ఇస్తా. ఆ లక్షల లెక్క మరణ ధ్రువపత్రాలు కూడి తెచ్చింది కాదు. మనుషుల్ని గుంపులుగా పోల్చి తెచ్చింది.

అమెరికాలో హార్వర్డ్ వాళ్లు ఆరు పట్టణాల్లో 8 వేల మందికి పైగా పెద్దవాళ్లని పద్నాలుగు, పదహారేళ్ల పాటు గమనించారు. ఒక్కొక్కరి వయసు, బరువు, పొగతాగే అలవాటు, చదువు, చేసే పని అన్నీ రాసుకున్నారు. 1993లో ఫలితాలు వచ్చాయి. ఆ తేడాలన్నీ సరిచేసి చూసినా, గాలి బాగా చెడిపోయిన స్టూబెన్‌విల్‌లో మరణాల రేటు, గాలి శుభ్రంగా ఉన్న పోర్టేజ్ కంటే 26 శాతం ఎక్కువ. నిజం_నిప్పు గారు అడిగిన అలవాట్ల సంగతి అక్కడే తేలింది. సిగరెట్‌ని లెక్కలోంచి తీసేసినా గాలి ప్రభావం మిగిలే ఉంది.

ఇలాంటి అధ్యయనాలు చాలా దేశాల్లో జరిగాయి. గాలిలో ఇంత ధూళి పెరిగితే ఇన్ని మరణాలు పెరుగుతాయన్న సంబంధం వాటి నుంచి వస్తుంది. దాన్ని ప్రతి దేశపు గాలి కొలతలకీ వర్తింపజేస్తే ఇంటి లోపలి పొగ, బయటి పొగ కలిపి ఏటా దాదాపు 70 లక్షల మరణాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఇందులో ఫలానా వ్యక్తి ఉన్నాడా అంటే లెక్క చెప్పలేదు. ఎంతమంది అన్నది మాత్రం గట్టిగా చెప్పగలదు.

చిట్టి_చేప
గోపి అన్నా, కాలేజీలో మీలాంటి సార్ ఉంటే స్టాటిస్టిక్స్ క్లాసు ఎగ్గొట్టేదాన్ని కాదు 😊

నిజం_నిప్పు
గోపి గారూ, రెండు ఊళ్ల మధ్య మీరు రాసుకోని తేడాలు కూడా ఉంటాయి. పొగ ఉన్నచోట పేదవాళ్లు ఉంటారు. వాళ్లకి వైద్యం సరిగ్గా అందదు. తప్పు పేదరికానిదా, పొగదా? ఇక నా ఆయుష్షు ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు.

గణాంకాల_గోపి
సరైన ప్రశ్న. అందుకే ఒకే ఊరిని, అదే జనాన్ని, పొగ ఉన్నప్పుడూ లేనప్పుడూ పోల్చి చూడాలి. అలాంటి అవకాశం ఎప్పుడో గానీ దొరకదు. అమెరికాలోని యూటా లోయలో దొరికింది. అక్కడి ఉక్కు కర్మాగారం 1986 ఆగస్టులో ఆగిపోయి, ఏడాది తర్వాత మళ్లీ తెరుచుకుంది. ఆర్డెన్ పోప్ అనే ఆర్థికశాస్త్ర పరిశోధకుడు ఆస్పత్రి రికార్డులు తిరగేశాడు. బడి ఈడు రాని పిల్లలు బ్రాంకైటిస్ (శ్వాసనాళాల వాపు), ఆస్తమాతో ఆస్పత్రిలో చేరడం, ఫ్యాక్టరీ నడిచినప్పుడు దాదాపు రెట్టింపు. జనం మారలేదు, ఆదాయాలు పెరగలేదు, కొత్త ఆస్పత్రి రాలేదు. మారింది గాలి ఒక్కటే.

ఆయుష్షు సంగతి: టీకాలు, యాంటీబయాటిక్స్, క్లోరిన్ కలిపిన నీళ్లు, మురుగు కాలవలు. వీటి వల్లే పెరిగింది. చివరి రెండూ పర్యావరణాన్ని శుభ్రం చేయడమే కదా? మీ ఉదాహరణ నా వాదననే బలపరుస్తోంది.

నిజం_నిప్పు
యూటా సంగతి నాకు తెలియదు. బలమైన పాయింటే. అయినా ఒక మనిషి విషయంలో 'ఇది పొగ వల్లే' అని చెప్పలేమన్న మాట అలాగే ఉంది కదా?

లైబ్రరీ_మూల
చెప్పిన సందర్భం ఉంది. లండన్‌లో ఎల్లా అడూ కిస్సీ డెబ్రా అనే తొమ్మిదేళ్ల పాప. ఇల్లు సౌత్ సర్క్యులర్ రోడ్డుకి ఆనుకున్నట్టే ఉంటుంది, ఎప్పుడూ వాహనాల రద్దీ. ఆస్తమాతో మాటిమాటికీ ఆస్పత్రి పాలై, 2013 ఫిబ్రవరిలో చనిపోయింది. మొదటి విచారణలో తీవ్రమైన ఆస్తమా వల్ల శ్వాస ఆగిందని రాసి మూసేశారు. తల్లి రోజమండ్ వదల్లేదు. స్టీఫెన్ హోల్‌గేట్ అనే ఊపిరితిత్తుల ప్రొఫెసర్, దగ్గర్లోని కేంద్రాల గాలి కొలతల్నీ పాప ఆస్పత్రిలో చేరిన తేదీల్నీ పక్కపక్కన పెట్టి నివేదిక ఇచ్చాడు. దాంతో హైకోర్టు పాత తీర్పుని కొట్టేసింది. 2020 డిసెంబరులో రెండో విచారణ ముగిసింది. మరణ కారణాల్లో మూడోదిగా 'గాలి కాలుష్యానికి గురికావడం' అని రాశారు. బ్రిటన్‌లో అలా రాయడం అదే మొదటిసారి.

ఆ తల్లికి ఏడేళ్లు పట్టింది. పైగా అదృష్టవశాత్తూ దగ్గర్లో గాలి కొలిచే యంత్రం ఉంది కాబట్టి కుదిరింది.

కిటికీ_పక్కన
లైబ్రరీ_మూల గారూ, ఇది చదివి కాసేపు అలా కూర్చుండిపోయాను. మా చుట్టుపక్కల గాలి కొలిచే యంత్రమే లేదు. అంటే నాన్న విషయంలో ఎప్పటికీ తేలనట్టేనా?

లైబ్రరీ_మూల
ఆయన ఒక్కరి విషయంలో తేల్చడం కష్టమేనండి. కానీ ఆ పొగగొట్టం చుట్టూ ఉన్న ఇళ్లన్నిటి ఆస్పత్రి కాగితాలు ఒకచోట చేరితే సంగతి వేరు. జపాన్‌లో యొక్కాయిచి అని ఒక రేవు పట్నం. పెట్రోకెమికల్ ఫ్యాక్టరీల గంధకపు పొగతో జనానికి ఆస్తమా పట్టుకుంది. తొమ్మిది మంది ఆరు కంపెనీల మీద కేసు వేశారు. ఫలానా మనిషి ఊపిరితిత్తిలోకి ఫలానా గొట్టం పొగే వెళ్లిందని నిరూపించమని కంపెనీలు పట్టుబట్టాయి. ఆ ప్రాంతంలో జబ్బు ఎంత పెరిగిందో చూపే లెక్కలు చాలని, ఆరింటికీ ఉమ్మడి బాధ్యత ఉందని 1972లో కోర్టు తీర్పిచ్చింది. మీ ప్రశ్నకి ఇంతకంటే దగ్గరి కేసు నాకు తెలియదు.

షిఫ్ట్_సి
చాలాసేపటి నుంచి చదువుతున్నా. నేను ఫౌండ్రీలోనే పనిచేస్తా (పైన చెప్పినది కాదు, వేరేది). ఇక్కడ అందరూ పొగగొట్టం, కేసు, కోర్టు అంటున్నారు. రేపు మూయిస్తే మీకు గాలి బాగుపడుతుంది. మా నాలుగు వందల కుటుంబాల మాటేమిటి? చదువుకున్నవాళ్లకి చెప్పడం తేలిక.

పాతకాపు
తమ్ముడూ, మీ పొట్ట కొట్టాలని ఎవరికీ లేదు. ఆ పొగ అందరికంటే ముందు పీల్చేది మీరే.

షిఫ్ట్_సి
తెలుసన్నా. తెలిసే చేస్తున్నాం.

మడ_అడవి
షిఫ్ట్_సి గారి మాట తేలిగ్గా తీసుకోకూడదు. జపాన్‌లోని మినమాటా అనే ఊళ్లో సరిగ్గా ఇదే జరిగింది. చిస్సో కంపెనీ ఆ ఊరికి తిండి పెట్టే కంపెనీ. అసిటాల్డిహైడ్ అనే రసాయనం తయారీలో వాడిన పాదరసం మురుగునీటితో సముద్రంలోకి వెళ్లేది. అక్కడ మిథైల్ మెర్క్యురీ అనే పాదరసపు విషరూపం చేపల్లోకి, చేపల నుంచి మనుషుల్లోకి. ముందు పిల్లులు తూలిపోతూ, గిరగిరా తిరుగుతూ చచ్చిపోయాయి. 1956లో పిల్లలకి నడక తడబడి, మాట ముద్దగా మారి, మూర్ఛలు వచ్చాయి.

ఈ జబ్బు గురించి మొదట అధికారులకి చెప్పింది ఎవరో తెలుసా? ఆ కంపెనీ ఆస్పత్రి పెద్ద డాక్టరు హోసోకావా హజిమే. తర్వాత ఆయన ఫ్యాక్టరీ వ్యర్థజలం కలిపిన తిండి పిల్లులకి పెట్టి చూశాడు. 1959లో 400వ నంబరు పిల్లికి అవే లక్షణాలు వచ్చాయి. కంపెనీ ఆ ఫలితాన్ని బయటికి రానివ్వలేదు. ఫ్యాక్టరీయే కారణమని ప్రభుత్వం ఒప్పుకున్నది 1968లో. ఆ తొమ్మిదేళ్లూ మురుగు పారుతూనే ఉంది. ఫ్యాక్టరీ మీద బతికే ఊరు కాబట్టి జబ్బుపడ్డ జాలరి కుటుంబాలనే చుట్టుపక్కలవాళ్లు వెలివేసినట్టు చూశారు.

మూసేయాలా, ఇలాగే నడపాలా అని రెండే దారులు ముందు పెట్టింది కంపెనీ. మురుగుని శుద్ధి చేయడం అనే మూడో దారి మొదటి నుంచీ ఉంది. దాని ఖర్చు పెట్టకుండా కంపెనీ తప్పించుకుంది, జనం నరాలతో కట్టారు.

చిట్టి_చేప
పుట్టినప్పటి నుంచే ఆ జబ్బు ఉన్న పిల్లలు కూడా ఉన్నారని చదివా. వాళ్లు చేపలు తినలేదు కదా, ఎలా?

మడ_అడవి
తల్లి తిన్నది. అప్పటిదాకా విషాన్ని గర్భంలోని మాయ (ప్లసెంటా) ఆపేస్తుందని వైద్యులు నమ్మేవారు. హరదా మసజుమి అనే డాక్టరు ఊళ్లో తిరిగి, ఆ తల్లుల మాట విని, కడుపులో ఉండగానే బిడ్డకి పాదరసం చేరిందని తేల్చాడు. జపాన్‌లో బిడ్డ బొడ్డుతాడుని ఎండబెట్టి చిన్న పెట్టెలో దాచుకునే అలవాటు ఉంది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ ఇళ్ల నుంచి బొడ్డుతాళ్లు సేకరించి పరీక్షిస్తే, ఫ్యాక్టరీ ఉత్పత్తి పెరిగిన సంవత్సరాల్లో పుట్టిన పిల్లల తాళ్లలో మిథైల్ మెర్క్యురీ ఎక్కువగా కనిపించింది. ఏ ఆఫీసూ రాసిపెట్టని లెక్క తల్లుల పెట్టెల్లో ఉంది.

నర్సు_డ్యూటీ
ఇలాంటిదే సీసం విషయంలోనూ జరిగింది. రక్తంలో సీసం కొన్ని వారాల్లో తగ్గిపోతుంది, పరీక్ష ఆలస్యమైతే దొరకదు. ఎముకల్లో, పళ్లలో ఏళ్ల తరబడి ఉంటుంది. అమెరికాలో హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే పిల్లల డాక్టరు ఊడిన పాలపళ్లు సేకరించి కొలిచాడు. సీసం ఎక్కువున్న పిల్లలు తెలివితేటల పరీక్షల్లో వెనకబడ్డారు, క్లాసులో ఏకాగ్రత తక్కువని టీచర్లు రాశారు. 1979లో అచ్చయింది. ఆ పిల్లలెవరూ చూడ్డానికి జబ్బుమనుషులు కారు. 'వీడికి చదువబ్బదు' అనిపించుకున్న పిల్లలు.

సీసం కలిపిన పెట్రోలు ప్రపంచమంతటా బంకుల్లో పూర్తిగా ఆగింది 2021లో, చివరగా అల్జీరియాలో.

నిజం_నిప్పు
సీసం గురించి నాకూ అభ్యంతరం లేదు. అది శరీరంలో కొలవగలిగేది. నా అనుమానమంతా కొలవకుండా చెప్పేవాటి మీదే. అలాంటప్పుడు మనం అడగాల్సింది ముందు కొలమనే కదా? నినాదాల కంటే ఒక గాలి యంత్రం ఎక్కువ పనిచేస్తుందని నా అభిప్రాయం.

గణాంకాల_గోపి
ఈ ఒక్క పోస్టుకి పది లైకులు ఇచ్చే బటన్ ఉంటే నొక్కేవాణ్ని.

బావి_గిలక
గాలి గురించే మాట్లాడుతున్నారు, నీళ్ల గురించి ఒక మాట. నేను నీటి పరీక్షల ల్యాబులో పనిచేస్తా. ఎక్కువమంది చేసే పని, నీళ్లు తేటగా ఉన్నాయా, రుచి బాగుందా అని చూడడం. ఆర్సెనిక్ అనే విషానికి రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. బంగ్లాదేశ్‌లో చెరువు నీళ్లతో పిల్లలు విరేచనాలు పట్టి చనిపోతున్నారని లక్షల గొట్టపు బావులు వేశారు. మంచి ఉద్దేశమే. భూమి లోపలి ఆర్సెనిక్‌ని మాత్రం ఎవరూ పరీక్షించలేదు. చర్మం మీద మచ్చలు, అరచేతులు గట్టిపడడం, ఆ తర్వాత క్యాన్సర్. ఇవన్నీ బయటపడడానికి ఏళ్లు పట్టింది. చివరికి బావి బావికీ పరీక్ష చేసి, తాగకూడనిదానికి ఎరుపు, తాగదగినదానికి ఆకుపచ్చ రంగు వేశారు.

అందరూ అడిగేది: "కాచి తాగుతున్నాం కదా?" కాస్తే క్రిములు చస్తాయి. ఆర్సెనిక్, ఫ్లోరైడ్, నైట్రేట్ పోవు. నీళ్లు ఆవిరైన కొద్దీ మిగిలినవాటిలో ఇంకా చిక్కబడతాయి. బోరు నీళ్లు తాగేవాళ్లు ఒక్కసారైనా రసాయన పరీక్ష చేయించండి.

పాతకాపు
ఇన్నేళ్లుగా మరగకాచి నిశ్చింతగా తాగుతున్నా. రేపే బాటిల్ పట్టుకెళ్తా. ఎలాంటి బాటిల్ కావాలి?

బావి_గిలక
ల్యాబువాళ్లనే అడిగి తీసుకోండి, పరీక్షని బట్టి మారుతుంది. బోరు కాసేపు వదిలేసి ఆ తర్వాతే నీళ్లు పట్టండి.

అమ్మ_ఒడి_కాదు_బడి
మా అబ్బాయికి ఆస్తమా. డాక్టరు చెప్పగా పీక్ ఫ్లో మీటర్ కొన్నాం. చిన్న ప్లాస్టిక్ గొట్టం, ఊదితే ముల్లు జరుగుతుంది. పొద్దున, సాయంత్రం ఊదించి నోట్‌బుక్‌లో అంకె రాస్తా. పక్కనే ఆ రోజు కిటికీలు తెరిచామా, బయట ఏమైనా తగలబెట్టారా అని ఒక ముక్క రాస్తా. కొన్నాళ్లకి చూస్తే, చెత్త తగలబెట్టిన మర్నాడు అంకె పడిపోతోంది. నోట్‌బుక్ చూపించాక డాక్టరు మందు మోతాదు మార్చారు. అంతకుముందు నేను నోటితో ఎన్నిసార్లు చెప్పినా 'అనుమానం' అనే అన్నారు. నోట్‌బుక్ పట్టుకుని వెళ్లి అడిగితే చెత్త తగలబెట్టడం కూడా ఆపారు.

కిటికీ_పక్కన
ఇంత మంచి మాట ఈమధ్య వినలేదండి. మా లైనులో దగ్గుతో ఉన్న పెద్దవాళ్లు చాలామందే ఉన్నారు. డిశ్చార్జి కాగితాలు కాపీలు తీసుకుని, తేదీలవారీగా ఒక పట్టికలో పెడదామనుకుంటున్నా. గోపి గారూ, ఏమేం రాసుకోవాలి?

గణాంకాల_గోపి
వయసు, ఆ ఇంట్లో ఎన్నేళ్లుగా ఉంటున్నారు, పొగతాగే అలవాటు, వంట గ్యాసు మీదా కట్టెల మీదా, చేసిన పని, ఆస్పత్రిలో చేరిన తేదీలు. పొగగొట్టానికి ఇల్లు ఎంత దూరమో కూడా. ముఖ్యమైనది: జబ్బు లేనివాళ్ల వివరాలు కూడా అంతే శ్రద్ధగా రాయండి, అదే పద్ధతిలో దూరంగా ఉన్న ఇంకో వీధిలోనూ. జబ్బున్నవాళ్లని మాత్రమే రాస్తే పోల్చడానికి ఏమీ ఉండదు, నిజం_నిప్పు గారు మొదటి నిమిషంలోనే కొట్టేస్తారు. పేర్లు పట్టికలో వద్దు, నంబర్లు ఇవ్వండి. ఏదైనా మెడికల్ కాలేజీలో కమ్యూనిటీ మెడిసిన్ విభాగం వాళ్లకి చూపించండి. ఇలాంటివి వాళ్ల పనే.

నిజం_నిప్పు
కొట్టేయను, సరిచూసి పెడతా. పట్టిక పంపండి.

షిఫ్ట్_సి
నర్సు అక్కా, ఒకటి అడగనా. మా ఫెట్లింగ్ (పోతపోసిన వస్తువుల్ని గీకి నునుపు చేసే) సెక్షన్‌లో ఇద్దరికి ఎన్నాళ్లుగానో దగ్గు. టీబీ మందులు ఒక కోర్సు పూర్తిచేశారు, తగ్గలేదు. నాక్కూడా మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. పైన నాన్నగారి గురించి చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది.

నర్సు_డ్యూటీ
ఆలస్యం చేయకు తమ్ముడూ. ఫెట్లింగ్‌లో, అచ్చు ఇసుక దులిపే చోట లేచేది సిలికా దుమ్ము. అది ఊపిరితిత్తుల్లో మచ్చలు కట్టి సిలికోసిస్ తెస్తుంది. ఎక్స్‌రేలో టీబీలాగే అనిపించొచ్చు, రెండూ కలిసి కూడా రావచ్చు, ఎందుకంటే సిలికోసిస్ ఉన్నవాళ్లకి టీబీ తొందరగా పట్టుకుంటుంది. వచ్చిన మచ్చలు పోవు. దుమ్ములో పని ఆపితే ముదిరే వేగం తగ్గే అవకాశం ఉంది, అందుకే తొందరగా పట్టుకోవాలి. గుడ్డ కట్టుకుంటే ఈ దుమ్ము ఆగదు. నీళ్లు చల్లి దుమ్ము లేవకుండా చేయడం, లేచినచోటే లాగేసే ఫ్యాను పెట్టడం యాజమాన్యం చేయాల్సిన పని. ఫ్యాక్టరీ మూయకుండానే చేయొచ్చు.

షిఫ్ట్_సి
ముగ్గురం సోమవారం వీక్లీ ఆఫ్ పెట్టుకుని ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్తున్నాం. పాత ఎక్స్‌రేలు కూడా తీసుకెళ్లాలా?

నర్సు_డ్యూటీ
ఉన్నవన్నీ తీసుకెళ్లండి. లోపలికి వెళ్లగానే మీ అంతట మీరే చెప్పండి: ఫౌండ్రీ, ఫెట్లింగ్ సెక్షన్, ఎన్నేళ్లుగా. చీటీ మీద మూడూ రాశారో లేదో చూసుకుని, రాయకపోతే రాయమని అడగండి. ముగ్గురివీ ఎవరిది వాళ్లకి విడిగా రాయించండి. బయటికి వచ్చాక ఫోటో తీసి దాచుకోండి.

కిటికీ_పక్కన
షిఫ్ట్_సి గారూ, రిపోర్టు వచ్చాక ఏమన్నారో ఇక్కడ రాయండి. మా పట్టికలో ఫౌండ్రీలో పనిచేసినవాళ్లకి వేరే గడి పెడుతున్నాను.